క్లోజ్ టు ది ఎడ్జా, సప్పర్స్ రెడీయా: ముందు ఏది వినాలి?

పింక్ ఫ్లాయిడ్‌తో ప్రోగ్రెసివ్ రాక్ (పొడవైన, మలుపులు తిరిగే పాటల రాక్ సంగీతం) మొదలుపెట్టి ఇంకాస్త లోతుకు వెళ్దామనుకునేవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "యెస్ వినాలా, జెనెసిస్ వినాలా? పెద్ద పాట ఒక్కటే చెప్పు." పెద్ద పాటంటే యెస్ బ్యాండ్‌కు క్లోజ్ టు ది ఎడ్జ్, జెనెసిస్ బ్యాండ్‌కు సప్పర్స్ రెడీ. ఇన్నాళ్లూ రెండూ వినండి అని దాటేసేవాణ్ని. పోయిన నెల పాత రికార్డుల దుకాణంలో ఆ రెండు పాటలున్న ఎల్పీలూ పక్కపక్కనే కనిపించాయి. జేబులో ఒకదానికి సరిపడా డబ్బులే ఉన్నాయి. అక్కడే నిలబడి చాలాసేపు ఆలోచించాను.

రెండూ 1972లో వచ్చినవే. యెస్ రికార్డు పేరూ క్లోజ్ టు ది ఎడ్జే, సప్పర్స్ రెడీ ఉన్న జెనెసిస్ రికార్డు పేరు ఫాక్స్‌ట్రాట్. క్లోజ్ టు ది ఎడ్జ్ 18 నిమిషాల పైచిలుకు, సప్పర్స్ రెడీ దాదాపు 23 నిమిషాలు.

యెస్ అభిమానులు చెప్పే మాటలో చాలా బలముంది. నాలుగు భాగాలున్నా అది ఒకే పాట. పిట్టల కూతలు, నీటి చప్పుడుతో మొదలై చివరికి అక్కడికే చేరుతుంది. ఉన్నట్టుండి స్టీవ్ హౌ గిటారు విరుచుకుపడినప్పుడు మొదటిసారి వినేవాళ్లకు తలా తోకా దొరకదు. కానీ ఆ రొద తేరుకోగానే ఒక ట్యూను బయటపడుతుంది. తర్వాత అదే రకరకాల వేషాల్లో తిరిగొస్తుంది. ముక్కలు ముక్కలుగా వాయించి, టేపు కోసి అతికించి చేసిన రికార్డు ఇదంటే నమ్మబుద్ధి కాదు. క్రిస్ స్క్వైర్ బేస్, బిల్ బ్రూఫర్డ్ డ్రమ్స్ కలిసి నడిచే తీరు కోసమే ఈ పాటను పదిసార్లు వినొచ్చు. (ఈ రికార్డు పూర్తికాగానే బ్రూఫర్డ్ కింగ్ క్రిమ్సన్ అనే మరో బ్యాండ్‌కు వెళ్లిపోయాడు. ఆ లోటు యెస్‌కు తీరలేదని నా నమ్మకం.)

మధ్యలో అంతా నెమ్మదిస్తుంది. రెండు వరసల గొంతులు వేర్వేరు మాటలు పాడుకుంటూ ఒకదాని మీదొకటి తేలుతుంటాయి. అప్పుడు రిక్ వేక్‌మన్ ఆర్గన్ లేస్తుంది. అది స్టూడియోలో చేసిన మాయ కాదు. లండన్‌లోని సెయింట్ గైల్స్ క్రిపిల్‌గేట్ చర్చిలో పైపుల ఆర్గన్ మీద వాయించి రికార్డు చేసింది. హెడ్‌ఫోన్స్‌లో వింటే ఆ చర్చి కప్పు ఎత్తు తెలుస్తుంది.

జెనెసిస్ పాట అలా కాదు, అతుకుల బొంత. ఆ మాట అనేవాళ్లతో నేను వాదించను. విల్లో ఫామ్ అనే భాగం గాయకుడు పీటర్ గేబ్రియల్ విడిగా రాసుకున్న పాట, తెచ్చి మధ్యలో పెట్టారు. ఏడు భాగాలకూ ఏడు రంగులు, కుట్లు పైకే కనిపిస్తాయి. పనితనం ఒక్కటే కొలత అయితే యెస్‌దే పైచేయి.

నాకు మాత్రం అసలు కొలత వేరే. ఎన్ని తాళం లెక్కలు మార్చారు, ఎంత వేగంగా వాయించారు అన్నది కాదు. ఇరవై నిమిషాలు ఎక్కడెక్కడో తిప్పాక మొదటి ట్యూను మళ్లీ వచ్చినప్పుడు ఏమవుతుంది? ఆ కష్టమంతా ఆ క్షణానికి పనికొచ్చిందా?

సప్పర్స్ రెడీ చివర్లో 'అపోకలిప్స్ ఇన్ 9/8' అనే భాగం ఉంది. బేస్, డ్రమ్స్ కలిసి తొమ్మిది దెబ్బల లెక్క పట్టుకుని వదలవు. తకిట, తక, తకధిమి: మూడు, రెండు, నాలుగు. మన కర్ణాటక సంగీతంలోని సంకీర్ణ జాతిలోనూ తొమ్మిదే కాబట్టి తొడ మీద తాళం వేస్తూ వినొచ్చు. కానీ దాని మీద టోనీ బ్యాంక్స్ ఆర్గన్ ఆ లెక్కకు లొంగకుండా తన దారిన పోతుంది. తాళం పట్టుకుంటే ఆర్గన్ జారిపోతుంది, ఆర్గన్‌ను పట్టుకుంటే తాళం తప్పుతుంది. నిమిషాలు గడిచేకొద్దీ టెన్షన్ పెరుగుతూనే ఉంటుంది. ఇక తట్టుకోలేం అనిపించే చోట గేబ్రియల్ గొంతు పైనుంచి పడుతుంది. ఆ వెంటనే గంటలు మోగుతాయి, మొదటి ట్యూను తిరిగొస్తుంది. మొదట్లో ఇంట్లో కూర్చుని, గిటార్ల మీద మెల్లగా ప్రియురాలికి చెప్పుకున్న మాటలే అవి. ఇప్పుడు ప్రళయం దాటొచ్చినవాడు చెబుతున్నాడు. ఎన్నేళ్లుగా వింటున్నా అక్కడ నాకు గొంతు పట్టేస్తుంది. ఆ తొమ్మిది దెబ్బల హింస లేకపోతే ఆ మాటలకు అంత బరువు వచ్చేది కాదు.

యెస్ పాట కూడా చివర గొప్పగా ఎగురుతుంది. కానీ అక్కడ నాకు కలిగేది ఆశ్చర్యం. రెండిటికీ తేడా ఉంది.

మిగతావాటి సంగతి క్లుప్తంగా. కీబోర్డు పిచ్చి ఉంటే ఎమర్సన్, లేక్ అండ్ పామర్ వాళ్ల టార్కస్. ఎల్పీ రెండు వైపులా ఒకే పాట కావాలంటే జెత్రో టల్ వాళ్ల థిక్ యాజ్ ఎ బ్రిక్. పన్నెండు నిమిషాలే ఉన్నాయంటే కింగ్ క్రిమ్సన్ స్టార్‌లెస్.

ఎల్పీ మీద వినేవాళ్లకు ఒక మాట. ఒక వైపు ఎక్కువ నిమిషాలు పట్టించాలంటే గాడులు సన్నబడాలి, శబ్దం తగ్గాలి. పైగా ముల్లు లోపలి గాడులకు వెళ్లేకొద్దీ నాణ్యత పడిపోతుంది. సప్పర్స్ రెడీలో అసలు ఘట్టం సరిగ్గా అక్కడే ఉంది. యెస్ వైపు పొట్టిది, శబ్దం నిండుగా వస్తుంది. బేస్, డ్రమ్స్ వాయించేవాళ్లయితే, మంచి సౌండ్ సిస్టమ్ ఉంటే, యెస్‌తోనే మొదలుపెట్టండి.

నేను ఫాక్స్‌ట్రాట్ తెచ్చుకున్నాను. రెండో వైపు మొదట హొరైజన్స్ అని స్టీవ్ హాకెట్ గిటారు ఒక్కటే ఒకటిన్నర నిమిషం పాటు వస్తుంది. ముల్లు ఎత్తి దాన్ని దాటించకండి. చివరి తీగ మోత ఆగనివ్వండి, అప్పుడు మొదలవుతుంది సప్పర్స్ రెడీ.