మోడల్ ఇంజిన్ భాగాలు బయట మెషినింగ్ చేయించుకోవడం: కొన్నేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

నా దగ్గరున్నవి ఒక చిన్న లేత్ (ముక్కను తిప్పుతూ చెక్కే యంత్రం), ఒక బెంచి డ్రిల్లు. తిరిగే కట్టరుతో లోహాన్ని చెక్కే మిల్లింగ్ మెషిన్ లేదు, పెట్టుకోవడానికి చోటు కూడా లేదు. అందుకే మోడల్ ఇంజిన్లకు కావాల్సిన భాగాల్లో సగానికి పైగా కొన్నేళ్లుగా బయటే చేయిస్తున్నాను. కొన్ని ఆన్‌లైన్ సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే యంత్రాల) సర్వీసుల్లో, కొన్ని చిన్న లేత్ షాపుల్లో, మరికొన్ని లేజర్ కటింగ్ వాళ్ల దగ్గర. 20 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి రంధ్రం) ఉన్న ఒక స్టీమ్ ఇంజిన్, ఒక చిన్న హాట్ ఎయిర్ ఇంజిన్ ఇలాగే పూర్తయ్యాయి. రెండూ ఇప్పటికీ చక్కగా తిరుగుతున్నాయి. ఈ పద్ధతి పనికొస్తుందా అని ఎవరైనా అడిగితే, తప్పకుండా పనికొస్తుందనే చెబుతాను. ఒక్క షరతు: మెషినింగ్ బయటికి ఇవ్వండి, ఒక భాగం ఇంకో భాగంతో కలిసే చోటును మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి.

ముందు ఆన్‌లైన్ సీఎన్‌సీ సంగతి. త్రీడీ మోడల్‌ను స్టెప్ ఫైలుగా ఎక్కిస్తే చాలు, మెటీరియల్, సంఖ్య ఎంచుకోగానే ధర కనిపిస్తుంది. 6061 రకం అల్యూమినియంతో చేసే బేస్ ప్లేటు, బేరింగ్ స్టాండ్లు, బ్రాకెట్ల లాంటి వాటికి దీన్ని మించిన దారి నాకు కనిపించలేదు. రంధ్రాల మధ్య దూరాలు ఎంత కచ్చితంగా వస్తాయంటే, బేస్ ప్లేటు మీద అన్ని బోల్టులూ వేలితో తిప్పితేనే దిగిపోయాయి. ఇంట్లో మార్కింగ్ చేసి, పంచ్ కొట్టి, డ్రిల్లు వేస్తే అలా రావడం కష్టం.

చిక్కు టాలరెన్స్ దగ్గర, అంటే కొలతలో ఎంత తేడా ఒప్పుకోవచ్చన్న దగ్గర వస్తుంది. డ్రాయింగులో ఏమీ రాయకపోతే చాలా షాపులు ఐఎస్ఓ 2768 అనే అంతర్జాతీయ ప్రమాణంలోని మీడియం గ్రేడును పాటిస్తాయి. దాని ప్రకారం 3 నుంచి 6 మిల్లీమీటర్ల కొలతలో 0.1 అటూ ఇటూ, 6 దాటి 30 వరకు 0.2 అటూ ఇటూ ఉండొచ్చు. అంటే 6 మిల్లీమీటర్ల షాఫ్టు 6.1 రావొచ్చు, అది దూరాల్సిన రంధ్రం 5.9 రావొచ్చు. రెండూ డ్రాయింగు ప్రకారం సరైనవే, కానీ ఒకదాంట్లో ఒకటి దిగవు. దీనికి భయపడి అన్ని కొలతలకూ 0.01 అని రాసేస్తే ధర ఆకాశానికి వెళుతుంది. 6 మిల్లీమీటర్ల రంధ్రానికి హెచ్7 అనే బిగుతైన టాలరెన్స్ గ్రేడు అడిగితే వాళ్లకు మిగిలే స్వేచ్ఛ 12 మైక్రాన్లే (0.012 మిల్లీమీటర్లు). అలాంటి రంధ్రాన్ని రీమర్‌తో (రంధ్రాన్ని కచ్చితమైన సైజుకు తెచ్చే టూలు) చేయాలి, గేజ్‌తో చూడాలి. ఆ శ్రమ ధరలో కనబడుతుంది, అందులో అన్యాయమేమీ లేదు.

నేను పాటించే పద్ధతి ఇది. బేరింగ్ స్టాండ్లలో కంచు బుష్షులకు (షాఫ్టు తిరిగే గొట్టాలకు) రంధ్రాన్ని 5.5 మిల్లీమీటర్లకే ఆపమంటాను, మామూలు టాలరెన్సే. రెండు స్టాండ్లనూ బేస్ మీద బిగించాక, 5.8 డ్రిల్లును రెండు బుష్షుల్లోంచీ ఒకేసారి పంపుతాను, తర్వాత అదే వరసలో 6 మిల్లీమీటర్ల రీమర్. షాఫ్టును ఎవరి దగ్గరా చేయించను. గ్రైండింగ్ చేసి సైజుకు తెచ్చిన సిల్వర్ స్టీల్ రాడ్ బజారులో దొరుకుతుంది, ఏ లేత్ మీదా అంత నునుపు రాదు. పేరులో వెండి ఉన్నా అందులో వెండి ఉండదు, అది కార్బన్ ఎక్కువున్న టూల్ స్టీలు. అలా కూర్చిన షాఫ్టుకు ఒక చుక్క నూనె వేసి చేత్తో తిప్పి వదిలితే, ఫ్లైవీలు చాలాసేపు చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంటుంది. బయటి షాపు పనితనం, ఇంటి రీమర్ పని కలిసి ఇచ్చిన ఫలితం అది.

సిలిండర్ దగ్గర కూడా ఇదే ఆలోచన. బోరు సరిగ్గా 20.00 ఉండాలని పట్టుబట్టడం దండగ. 20.04 వచ్చినా ఇంజిన్‌కు ఏమీ కాదు, పిస్టన్‌ను దానికి తగ్గట్టు తిప్పుకోవచ్చు. బోరు ఒక చివర వెడల్పై ఇంకో చివర ఇరుకైనా, కోడిగుడ్డు ఆకారంలో ఉన్నా మాత్రం ఏ పిస్టనూ దాన్ని కాపాడలేదు. కాబట్టి నా డ్రాయింగులో సైజుకు 19.95 నుంచి 20.10 దాకా వదిలేసి, గుండ్రదనానికీ రెండు చివర్ల తేడాకూ మాత్రం 0.01 అని రాస్తాను. బోరు, కవరు కూర్చునే ఫ్లాంజి ముఖం ఒకే సెట్టింగులో చేయాలని కూడా రాస్తాను. చక్‌లోంచి (లేత్ మీద ముక్కను పట్టుకునే భాగం) జాబ్, అంటే చేస్తున్న ముక్క, తీసి మళ్లీ పెడితే ఆ రెంటి మధ్య లంబం పోతుంది, కవరు బిగించగానే పిస్టన్ రాడ్ ఒక పక్కకు ఒరుసుకుంటుంది.

ఇలాంటి పనికి చిన్న లేత్ షాపే మేలు. పోత ఇనుము కాస్టింగ్ చేతిలో పట్టుకెళ్లి ఇస్తే ఆన్‌లైన్ సర్వీసులు సాధారణంగా తీసుకోవు, వాళ్లది కడ్డీ నుంచో దిమ్మె నుంచో మొదలయ్యే పని. లేత్ షాపులో టర్నర్ (లేత్ పనివాడు) కాస్టింగును తిప్పి చూసి, ఎటువైపు మందం తక్కువుందో గమనించి, నాలుగు పళ్లనూ విడివిడిగా జరపగల ఫోర్ జా చక్‌లో దానికి తగ్గట్టు సర్దుకుంటాడు. నా సిలిండర్ చేసిన పెద్దాయన మొదట అడిగింది కొలత కాదు, “ఇందులో ఏం ఆడుతుంది?” అని. పిస్టన్ అని చెప్పగానే చివరి కోతను చాలా పలచగా తీసుకుని, అదే సెట్టింగుతో టూలును రెండుసార్లు ఉత్తినే నడిపాడు, బోరింగ్ బార్ వంగి వదిలిన పొర పోవడానికి. ఆ తర్వాత పిస్టన్ కూడా ఆయనకే ఇచ్చాను. జంటగా పనిచేసే రెండు భాగాలు ఒకే చేతిలో పడితే, రెండో దాన్ని మొదటి దాంట్లో పెట్టి చూసుకునే చేస్తారు. వేర్వేరు చోట్ల చేయిస్తే ఇద్దరూ డ్రాయింగునే చూస్తారు తప్ప ఒకరి పని ఇంకొకరు చూడరు.

డ్రాయింగు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నా అనుభవంలో గొడవలన్నీ అక్కడే మొదలయ్యాయి. స్టెప్ ఫైలులో ఆకారం ఉంటుంది, కానీ ఏ రంధ్రానికి మర వేయాలి, ఏ ముఖం నునుపుగా ఉండాలి అన్నవి మామూలుగా అందులో వెళ్లవు. అందుకే ప్రతి భాగానికీ పీడీఎఫ్ డ్రాయింగ్ జతచేయాలి. త్రీడీ ప్రింటింగుకు వాడే ఎస్‌టీఎల్ ఫైలు మెషినింగుకు పనికిరాదు, అందులో గుండ్రటి బోరు కూడా చిన్న చిన్న చదును ముక్కలుగా ఉంటుంది. పాత ప్లాన్ల నుంచి చేసేటప్పుడు మరలతో ఇంకో తలనొప్పి. బ్రిటిష్ ప్లాన్లలో బీఏ (బ్రిటిష్ అసోసియేషన్) మరలు ఉంటాయి. 0 బీఏ బయటి వ్యాసం 6 మిల్లీమీటర్లు, పిచ్ (పక్కపక్క మర గాట్ల మధ్య దూరం) 1 మిల్లీమీటరు, చూడటానికి మెట్రిక్ మర ఎం6 లాగే ఉంటుంది, కానీ మర కోణం 47.5 డిగ్రీలు, మెట్రిక్‌ది 60. బయటికి ఇచ్చే భాగాల్లో నేను అన్నీ మెట్రిక్‌కు మార్చేశాను. ఎం3, ఎం2 అయితే ఏ షాపులోనైనా మర వేసే ట్యాప్ ఉంటుంది.

డ్రాయింగులో వ్యూలను ఏ వరసలో పెట్టారో చెప్పే ప్రొజెక్షన్ గుర్తును కూడా చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఫస్ట్ యాంగిల్‌లో గీసిన డ్రాయింగును థర్డ్ యాంగిల్ అనుకుని చదివితే ఎడమ కుడి తారుమారవుతాయి. ఒక షాపు నా వాల్వ్ చెస్ట్‌ను (సిలిండర్‌కు ఆవిరి పంపే వాల్వ్ ఉండే పెట్టె) అద్దంలో చూసినట్టు చేసి పంపింది. డ్రాయింగు మూలలో గుర్తు స్పష్టంగా ఉంది, మోడల్ ఫైలూ ఉంది, రెండూ చూడకుండా ఒక వ్యూ మాత్రమే చూసి చేసేశారు. మళ్లీ చేసి ఇచ్చారు కానీ నెలల తరబడి తిప్పించారు. అప్పటి నుంచి ప్రతి డ్రాయింగులో ఒక పక్క త్రీడీ బొమ్మ కూడా పెడుతున్నాను. చేసేవాళ్ల కళ్లు ముందు దాని మీదే పడతాయి.

ధర సంగతి ఒక్క మాటలో తేలదు. ఒక్క ముక్కకు అయ్యే ఖర్చులో పెద్ద వాటా ప్రోగ్రామింగుది, మెషిన్ మీద బిగించడానిది. అందుకే ఒకటి చేయించినా రెండు చేయించినా మొత్తం బిల్లులో తేడా తక్కువ. చిన్న భాగాలకు ఎప్పుడూ ఒక స్పేర్ చేయించండి, ట్యాప్ విరిగిన రోజు టెన్షన్ ఉండదు. జాబ్‌ను ఎన్నిసార్లు తిప్పి బిగించాల్సి వస్తే ఖర్చు అంత పెరుగుతుంది కాబట్టి, ఒక పక్క నుంచే పని అయిపోయేలా భాగాన్ని మార్చగలిగితే మార్చండి. లోపలి మూలలు పదునుగా గీయకండి. ఎండ్ మిల్ గుండ్రంగా తిరిగే టూలు, దాని వ్యాసంలో సగం రేడియస్ ఎలాగూ మిగులుతుంది. లోతైన పాకెట్లో (చెక్కిన గుంటలో) 1 మిల్లీమీటరు రేడియస్ అడిగితే 2 మిల్లీమీటర్ల సన్నటి కట్టర్ అంత లోతుకు దిగాలి. అక్కడే కొటేషన్ పెరుగుతుంది, లేదా పని తిరిగొస్తుంది.

లేజర్ కటింగ్ ఫ్రేము ప్లేట్లకు, కనెక్టింగ్ రాడ్ల ముతక ఆకారానికి చాలా చవక. స్టీలు ప్లేటులో చిన్న రంధ్రాలను మాత్రం లేజర్‌తో చేయించొద్దు. వేడికి అంచు గట్టిపడుతుంది, తర్వాత డ్రిల్లు, ట్యాప్ దాంట్లో అరిగిపోతాయి. రంధ్రం వచ్చే చోట చిన్న గుర్తు మాత్రం వేయించుకుని డ్రిల్లు మనమే వేసుకోవడం నయం.

మెటీరియల్ విషయంలో షాపు వాళ్ల మాట వినాల్సిన చోటు ఉంది, వినకూడని చోటూ ఉంది. స్టీలు భాగాలకు సులువుగా తెగే ఫ్రీ కటింగ్ స్టీలు వాడదామంటే ఒప్పుకోండి, నునుపు బాగా వస్తుంది. వెల్డింగ్ చేయాల్సిన ముక్కకు మాత్రం వద్దు. కంచు అడిగిన చోట ఇత్తడి ఉంది, రంగు ఒకటేగా అంటే ఒప్పుకోవద్దు. బేరింగుగా ఇత్తడి త్వరగా అరుగుతుంది. బాయిలర్ నీటిలో ఉండే ఫిట్టింగులకైతే అసలు వాడకూడదు, కాలక్రమంలో అందులోని జింకు కరిగిపోయి లోహం గుల్లబారుతుంది. అల్యూమినియానికి అనోడైజింగ్ (విద్యుత్తుతో ఆక్సైడ్ పొర కట్టించడం) చేయిస్తే పొర మందంలో మూడో వంతు నుంచి సగం దాకా బయటికి పెరుగుతుంది కాబట్టి, బిగుతుగా కూర్చునే రంధ్రాలను మూసి చేయమని ముందే చెప్పాలి.

పార్సిల్ రాగానే నేను కొలవను. భాగాలను బల్ల మీద ఉంచి, నా మైక్రోమీటరుతో సమానంగా చల్లబడే దాకా ఆగుతాను. కొలతలకు ప్రపంచమంతా ఒప్పుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. 100 మిల్లీమీటర్ల అల్యూమినియం ముక్క 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 23 మైక్రాన్లు పెరుగుతుంది, స్టీలు అందులో సగం. తర్వాత గోరుతో అంచులన్నీ తడుముతాను. అడ్డ రంధ్రాలు కలిసే చోట, స్టీమ్ పోర్టుల (ఆవిరి వెళ్లే రంధ్రాల) లోపల బర్ర్ (కోతలో మిగిలిన లోహపు నూగు) దాక్కుని ఉంటుంది. బయట మెరుస్తున్న భాగంలో కూడా లోపల వెంట్రుకంత లోహపు ముక్క వేలాడుతూ ఉండొచ్చు. అది ఊడి సిలిండర్లో పడితే అంత శ్రమపడి చేయించిన బోరు మీద గీత పడుతుంది. మంచి వెలుతురులో, భూతద్దంతో, ప్రతి పోర్టూ చూడందే నేను ఇంజిన్ కూర్చను.

సిలిండర్‌లోకి ఆవిరిని వదిలే స్లయిడ్ వాల్వ్ ముఖాలను ఎవరికీ ఇవ్వను. మిల్లింగ్ చేసిన ముఖం కంటికి చదునుగానే కనిపిస్తుంది, నీలం రంగు పూసి రుద్దితే అసలు సంగతి తెలుస్తుంది. మందపాటి గాజు పలక మీద 1000 గ్రిట్ వాటర్ పేపరు పరిచి, నూనెతో ఎనిమిది అంకె ఆకారంలో రుద్దుకుంటాను. ఓపిక కావాలి, కానీ ఇంజిన్ తక్కువ ప్రెషరులో మెల్లగా తిరగడం చాలావరకు ఈ ముఖం మీదే ఆధారపడుతుంది.

ఇన్నాళ్లు నడిచాక ఏది ఎలా ఉందో కూడా చెప్పాలి. రీమ్ చేసిన కంచు బుష్షుల్లో చేతికి తెలిసే వదులు లేదు. పోత ఇనుము సిలిండర్లో బోరు అద్దంలా పాలిష్ అయింది, పిస్టన్ ఇంకా గాలి నిలుపుతోంది. ఆన్‌లైన్‌లో చేయించిన అల్యూమినియం బేస్ చెక్కుచెదరలేదు, కానీ మాటిమాటికీ విప్పి బిగించిన ఎం3 రంధ్రాల్లో మరలు వదులయ్యాయి, వాటిలో స్టీలు ఇన్‌సర్టులు వేశాను. అరిగిపోయింది ఎక్సెంట్రిక్ స్ట్రాప్ (వాల్వ్‌ను నడిపే ఎక్సెంట్రిక్ చక్రం చుట్టూ ఉండే పట్టీ) ఒక్కటే. ప్లానులో అల్యూమినియం అని ఉంది, అలాగే చేయించాను, స్టీలు ఎక్సెంట్రిక్ మీద అది నల్లటి మసి వదులుతూ వదులైపోయింది. దాని బదులు కంచుతో కొత్తది చేయిస్తున్నాను. ఎక్సెంట్రిక్‌ను కూడా వెంట తీసుకెళ్లి, దాని మీదే సరిచూసి బోరు చేయమని అదే టర్నర్‌కు ఇచ్చాను.