నాలుగు నెలలు ఆగి రాస్తున్న హెచ్‌ఆర్ ట్రైనింగ్ రివ్యూ

కోర్సు అయిపోయిన రోజు సాయంత్రం క్లాసులోనే ఒక ఫారం ఇచ్చారు. ట్రైనర్ ఎలా చెప్పారు, మెటీరియల్ బాగుందా, తెలిసినవాళ్లకు ఈ కోర్సు గురించి చెబుతారా, ఐదుకు ఎన్ని మార్కులు వేస్తారు. చేతిలో సర్టిఫికెట్ ఉంది, పక్కన పన్నెండు వారాలు కలిసి చదువుకున్న బ్యాచ్ ఉంది, అందరూ ఫొటోల హడావిడిలో ఉన్నారు. ఐదుకు ఐదు వేసి వచ్చేశాను. ఇంటికొచ్చాక కొంచెం సిగ్గేసింది, ఎందుకంటే అంతకు రెండు వారాల ముందే, అదే గదిలో, అలాంటి ఫారాలను చూసి మోసపోవద్దని మాకు పాఠం చెప్పారు. 1959లో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే ఆయన ట్రైనింగ్‌ని నాలుగు మెట్లలో కొలవాలన్నాడు: వచ్చినవాళ్లకు నచ్చిందా, ఏమైనా నేర్చుకున్నారా, నేర్చుకున్నది పనిలో వాడుతున్నారా, దానివల్ల సంస్థకు ఏం ఒరిగింది. చివరి రోజు ఫారం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. పాఠం చెప్పినవాళ్లే మా దగ్గర ఆ మొదటి మెట్టు ఫారం ఒక్కటి తీసుకుని ఊరుకున్నారు కాబట్టి, మూడో మెట్టు రివ్యూ నేనే రాస్తున్నాను. నాలుగు నెలలు గడిచాయి, ఏది మిగిలిందో ఏది ఎగిరిపోయిందో ఇప్పుడు తెలుస్తోంది.

సంస్థ పేరు రాయను. తెలిసినవాళ్లు వేరే చోట్ల చేసిన కోర్సుల సిలబస్ చూశాను, కొంచెం అటూ ఇటూగా అన్నీ ఒకే అచ్చు. కాబట్టి ఏ క్లాసు పనికొచ్చిందో చెబితే మీరు చేరబోయే చోటకి కూడా అది సరిపోతుంది.

ముందు నా సంగతి. ఎనిమిదేళ్లుగా హెచ్‌ఆర్‌లో ఉన్నాను, అందులో ఐదేళ్లు రిక్రూట్‌మెంట్ ఒక్కటే, తర్వాత చిన్న కంపెనీలోకి మారితే అన్నీ నెత్తిన పడ్డాయి: ఆన్‌బోర్డింగ్ (కొత్తవాళ్లను చేర్చుకుని పనిలో కుదర్చడం), అప్రైజల్స్ (పనితీరుకు మార్కులు), లీవులు, గొడవలు, ఎగ్జిట్లు. కంపెనీలో అందరికీ ట్రైనింగులు పెట్టించేది మనమే, మనకు ఎవరు పెడతారు? నేను పని నేర్చుకున్నది మా మొదటి సీనియర్‌ని చూసి, ఆవిడ చేసే తప్పులతో సహా. కోర్సు పన్నెండు వారాలు, వారానికి రెండు సాయంత్రాలు ఆన్‌లైన్, నెలకోసారి శని, ఆదివారాలు నేరుగా క్లాసు. బ్యాచ్‌లో ఇరవై ఆరు మందిమి.

అన్నిటికంటే పనికొచ్చింది ఇంటర్వ్యూల క్లాసు. ఇది చెబితే మా పాత టీమ్ నవ్వుతుంది, ఐదేళ్లు రిక్రూటర్‌గా చేసిన మనిషికి ఇంటర్వ్యూ చేయడం నేర్పించడమేంటని. నేను కూడా అదే అనుకుని కూర్చున్నాను. ట్రైనర్ ఇరవై నిమిషాల ఇంటర్వ్యూ వీడియో ఒకటి వేసి, పదికి మార్కులు వేయమన్నారు, పక్కవాళ్లతో మాట్లాడకుండా. అందరి మార్కులూ బోర్డు మీద రాశాక చూస్తే తక్కువ మార్కు 3, ఎక్కువ 9. ఒకే అభ్యర్థి, ఒకే వీడియో! మూడు వేసినాయన 'ఈయన కళ్లలోకి చూసి మాట్లాడట్లేదు' అన్నాడు, తొమ్మిది వేసిన నేను... ఏం చెప్పాలో నాకే తెలియలేదు, మాట తీరు నచ్చింది, అంతే. తర్వాత ఆ ఉద్యోగానికి కావలసినవి నాలుగు మాత్రమే ఎంచుకుని, ఒక్కోదానికి ఒక్కో ప్రశ్న రాసుకుని, ఎలాంటి జవాబుకు ఒక మార్కు, ఎలాంటిదానికి మూడు, ఎలాంటిదానికి ఐదు అని ముందే రాసి పెట్టుకున్నాం. అవే ప్రశ్నలు అడిగిన ఇంకో అభ్యర్థి వీడియో వేశారు. ఈసారి మార్కులు పదికి లెక్కేస్తే అందరివీ 5కీ 7కీ మధ్యలోనే వచ్చాయి.

దీని వెనక పెద్ద పరిశోధనే ఉందట. 1998లో ష్మిట్, హంటర్ అనే ఇద్దరు దశాబ్దాల అధ్యయనాలన్నీ కలిపి లెక్కేస్తే, ముందే ప్రశ్నలూ మార్కుల పద్ధతీ పెట్టుకుని చేసే ఇంటర్వ్యూకి 0.51, నోటికొచ్చింది అడిగే ఇంటర్వ్యూకి 0.38 వచ్చింది. ఇక్కడ 0 అంటే ఇంటర్వ్యూ మార్కుకీ తర్వాత ఆ మనిషి చేసే పనికీ సంబంధమే లేదని, 1 అంటే అచ్చంగా సరిపోయిందని. 2022లో సాకెట్ అనే పరిశోధకుడు, ఆయన బృందం ఆ లెక్కల్లో ఎక్కువ చేసి చూపిన చోట్లు సరిచేస్తే మొదటిది 0.42కి, రెండోది 0.19కి దిగింది. అంటే సరిగ్గా చేసినా ఇంటర్వ్యూ గొప్ప జోస్యం ఏమీ కాదు, కానీ మామూలుగా కాఫీ కబుర్లలా చేసేదానికంటే రెట్టింపు నయం. ఐదేళ్లపాటు నేను చేసింది ఆ 0.19 రకం. ఎంతమందిని అలా పంపించేశానో తలుచుకుంటే కొంచెం బాధగానే ఉంది.

ఆఫీసుకు తెచ్చాక ఏమైందో కూడా చెప్పాలి కదా. ఈ నాలుగు నెలల్లో పదకొండు పోస్టులకు ఇంటర్వ్యూలు జరిగాయి, అన్నిటికీ ప్రశ్నల షీటు తయారుచేశాను. మేనేజర్లు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. 'మనిషిని చూస్తే నాకు తెలిసిపోతుంది' అనే బాపతు ప్రతి కంపెనీలో ఉంటారు, మా దగ్గర ముగ్గురున్నారు. వాళ్లతో వాదించడం మానేసి ఒక్కటే నియమం పెట్టాను: ఇంటర్వ్యూ అయ్యాక ఒకరితో ఒకరు మాట్లాడకముందే మార్కులు నాకు పంపాలి. ఆ ఒక్క మార్పుతో పెద్దాయన ఏమన్నారో చూసి తల ఊపడం సగానికి సగం తగ్గింది. ప్రశ్నలు మాత్రం ఒకరిద్దరు ఇప్పటికీ సొంతవే అడుగుతున్నారు, దాచడమెందుకు.

రెండో మంచి క్లాసు కష్టమైన మాటలు చెప్పడం గురించి. ఇది నేరుగా క్లాసులో, రెండు రోజులూ రోల్‌ప్లేలే. రోల్‌ప్లే అంటే నాకు ఒళ్లు మంట, సాధారణంగా అందరూ నవ్వుకుంటూ కానిచ్చేస్తారు. ఇక్కడ అలా జరగలేదు. నాకొచ్చిన సన్నివేశం: ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగికి ఉద్యోగం కన్ఫర్మ్ కావడం లేదని చెప్పాలి. నేను మొదలుపెట్టాను, ఎలా ఉన్నారు, టీమ్ ఎలా ఉంది, కంపెనీ ఈ సంవత్సరం కొన్ని నిర్ణయాలు తీసుకుంది, మీ ప్రయత్నాన్ని అందరూ గుర్తించారు... ఆరు నిమిషాలు గడిచాక ఎదురుగా ఉద్యోగి వేషంలో ఉన్న అమ్మాయి నన్ను ఆపి, 'అంటే నా ఉద్యోగం ఉన్నట్టా, పోయినట్టా?' అంది. క్లాసంతా నిశ్శబ్దం. ఎనిమిదేళ్లలో నిజంగా ఎంతమందిని అలా ఆరేసి నిమిషాలు గాల్లో వేలాడదీశానో ఆ క్షణంలో అర్థమైంది.

ట్రైనర్ చెప్పింది చాలా చిన్న విషయం: మొదటి నిమిషంలోనే విషయం చెప్పేయండి, తర్వాత నోరు మూసుకోండి. ఆ మౌనం మనకు భయమేసి దాన్ని మాటలతో నింపేస్తాం, ఎదుటి మనిషికి మాత్రం అది కావాలి. మళ్లీ మళ్లీ, నాలుగు సార్లు చేయించారు నాతో. నాలుగోసారికి వచ్చింది.

అదే రెండు రోజుల్లో ఫిర్యాదు తీసుకోవడం గురించి చెప్పిన ఒక మాట నా పనినే మార్చింది. ఎవరైనా వచ్చి తలుపు వేసి 'ఇది మనిద్దరి మధ్యే ఉండాలి' అంటే, సరే అని మాట ఇచ్చేయడం నా అలవాటు. ఇవ్వకూడదు. వేధింపుల లాంటి విషయం విన్నాక ఏమీ చేయకుండా కూర్చునే హక్కు మనకు ఉండదు, ఆ మాట తప్పితే ఆ మనిషి ఇంకెప్పుడూ మన దగ్గరకు రారు. దానికి బదులు, వాళ్లు మొదలుపెట్టకముందే, 'తెలియాల్సినవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పను, కానీ అసలు ఎవరికీ చెప్పను అని మాత్రం మాట ఇవ్వలేను' అనాలి. ఆ తర్వాత వాళ్ల మాటల్ని వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి, మన మర్యాద భాషలోకి మార్చకుండా. కోర్సు అయిన ఆరో వారంలో నాకు సరిగ్గా ఇలాంటిదే ఎదురైంది. ఆ వాక్యం చెప్పాక ఆ మనిషి ఒక నిమిషం ఆలోచించుకుని, అయినా సరే అని కూర్చున్నారు. ఇంతకంటే వివరం ఇక్కడ రాయకూడదు.

లెక్కల క్లాసు మంచిదే కానీ ఒక్క సాయంత్రంలో పరుగు పెట్టించారు. హెచ్‌ఆర్‌లో సగంమందికి ఎక్సెల్ అంటే టెన్షన్, ఇది ఒప్పుకుంటే తప్పేం లేదు. అట్రిషన్, అంటే ఏడాదిలో ఎంత శాతం మంది ఉద్యోగం వదిలి వెళ్లారనే లెక్క, నేను ఇన్నేళ్లూ తప్పుగా చేస్తున్నానని అక్కడే తెలిసింది. ఏడాది మొదట్లో 220 మంది, చివర్లో 180 మంది, వెళ్లిపోయింది 60 మంది, మధ్యలో చేరింది 20 మంది అనుకోండి. వెళ్లినవాళ్లను సగటు సంఖ్య 200తో భాగించాలి, 30 శాతం వస్తుంది. నేను ఏడాది చివరి సంఖ్యతో భాగించేదాన్ని, 33 దాటేది, పై వాళ్లకు ఆ అంకె చూపించి నేనే తిట్లు తినేదాన్ని. సెలవుల మీద బ్రాడ్‌ఫర్డ్ ఫ్యాక్టర్ అనే సూత్రం కూడా చెప్పారు, ఎన్నిసార్లు రాలేదో ఆ అంకెను దానితోనే హెచ్చించి, మొత్తం రోజులతో మళ్లీ హెచ్చించాలి. పది రోజులు ఒకేసారి రాకపోతే 10, అదే పది రోజులు పదిసార్లుగా ఒక్కోరోజు రాకపోతే 1000. అంకె పెద్దదైతే పనికి ఆటంకం ఎక్కువని అర్థం. చూడ్డానికి భలే ఉంది కానీ, తరచూ ఆసుపత్రికి వెళ్లాల్సిన జబ్బున్న మనిషిని ఇది దోషిలా చూపిస్తుంది. ఆ సంగతి క్లాసులో ఎవరో అడిగితే గానీ చెప్పలేదు, అడక్కపోతే అలాగే ఆఫీసుకు తీసుకెళ్లి వాడేసేవాళ్లం.

ఇక బాగాలేనివి. 'కొందరు చూసి నేర్చుకుంటారు, కొందరు విని నేర్చుకుంటారు' అని ఒక గంట చెప్పారు. మనిషి ఇష్టపడే పద్ధతిలో నేర్పితే ఎక్కువ వస్తుందనడానికి సరైన ఆధారం లేదని 2008లోనే పాష్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం తేల్చేసింది, ట్రైనింగులు డిజైన్ చేయాల్సిన మాకు అది పాఠంగా చెప్పడం ఏంటి? ఇంకో పూట మైయర్స్ బ్రిగ్స్ అనే నాలుగక్షరాల వ్యక్తిత్వ పరీక్ష, ఎవరు ఏ టైపో తెలుసుకుని అందరూ సంబరపడ్డారు. ఆ పరీక్షను అమ్మే సంస్థే దాన్ని ఉద్యోగాల ఎంపికకు వాడొద్దంటుంది, ఆ ఒక్క ముక్క మాత్రం ఎవరూ చెప్పలేదు. ఏఐతో రిక్రూట్‌మెంట్ క్లాసైతే సాఫ్ట్‌వేర్ అమ్మకందారుడి డెమోలా నడిచింది. అమెజాన్ తయారుచేసుకున్న రెజ్యూమె జల్లెడ ఆడవాళ్ల రెజ్యూమెలకు తక్కువ మార్కులు వేస్తోందని, దాన్ని పక్కన పడేశారని 2018లోనే బయటికొచ్చింది, పాత ఎంపికల్లో మగవాళ్లే ఎక్కువ కాబట్టి అది ఆ అలవాటే నేర్చుకుంది. అసలు పాఠం అక్కడుంది, మాకు దొరికింది బటన్లు ఎక్కడున్నాయో. పేరోల్ (జీతాల లెక్కలు) ఊసే లేదు. చట్టాల క్లాసు పీపీటీ చదవడమే.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది మాత్రం కోర్సు తర్వాత ఏమీ లేకపోవడం. 1885లో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల జట్లు బట్టీ పట్టి తన మీద తానే ప్రయోగం చేసుకున్నాడు, ఒక్క రోజులోనే సుమారు మూడింట రెండు వంతులు పోయాయి, మధ్యమధ్యలో మళ్లీ చూసుకుంటే నిలుస్తాయి. ఈ మరపు గ్రాఫు స్లైడులో వేసి మరీ చూపించినవాళ్లు, మాకు ఒక్క రిఫ్రెషర్ క్లాసు పెట్టలేదు. బ్యాచ్ వాట్సాప్ గ్రూపు ఉంది, ఇప్పుడది ఉద్యోగ ప్రకటనల బోర్డు. మాలో ముగ్గురం విడిగా నెలకోసారి కాల్ పెట్టుకుని ఒకరి మీద ఒకరం రోల్‌ప్లే చేసుకుంటున్నాం, అదే నిలబెడుతోంది.

సర్టిఫికెట్ కోసమే చేరేవాళ్లకు ఒక మాట. చేర్చుకునేటప్పుడు 'అంతర్జాతీయ గుర్తింపు' అని చాలాసార్లు అన్నారు, ఎవరి గుర్తింపు అని అడగాలని నాకు తట్టలేదు. ఎస్‌హెచ్‌ఆర్‌ఎం (అమెరికాలోని హెచ్‌ఆర్ ఉద్యోగుల సంఘం) వాళ్ల సీపీ సర్టిఫికేషన్ లాంటివి వేరు, వాటికి విడిగా పరీక్ష రాయాలి, పాసయ్యాక కూడా మూడేళ్లలో 60 క్రెడిట్లు తెచ్చుకోవాలి లేదా మళ్లీ పరీక్ష రాయాలి. నాకు వచ్చింది కోర్సు పూర్తి చేశానన్న కాగితం, అంతే, కొత్త ఉద్యోగానికి వెళ్తే దాని బరువు ఎంతో ఆ ఇంటర్వ్యూ చేసేవాళ్ల మీద ఆధారపడి ఉంటుంది.

రెండేళ్ల నుంచి పదేళ్ల అనుభవం ఉండి, చూసి నేర్చుకున్న పనితోనే నెట్టుకొస్తున్నవాళ్లు చేరొచ్చు. ఇంకా ఉద్యోగంలోకే రానివాళ్లకు సగం అర్థం కాదు, రోల్‌ప్లేల్లో తలుచుకోవడానికి వాళ్లకు సొంత తప్పులుండవు. చేరే ముందు రెండే అడగండి: మొత్తం గంటల్లో ఎన్ని గంటలు మాతో చేయిస్తారు, కోర్సయ్యాక మళ్లీ ఎప్పుడు కలుస్తారు. నేను వేసిన ఐదు మార్కుల్ని మూడున్నరకు దించుతున్నాను, అందులో మూడు ఇంటర్వ్యూల క్లాసుకీ ఆ రెండు రోజుల రోల్‌ప్లేలకీ.

మొన్న వాళ్ల దగ్గర్నుంచి రెండో లెవెల్ కోర్సులో చేరమని మెయిల్ వచ్చింది. అది వద్దు, ఇంటర్వ్యూల క్లాసు ఒక్కటే విడిగా పెడితే మా మేనేజర్లు ముగ్గుర్నీ పంపిస్తానని రాశాను. ఇంకా జవాబు రాలేదు.