క్రూయిజ్‌కి పెద్ద సూట్‌కేసా, చేతి బ్యాగా? ఏది మేలు?

ఏ ఓడ ఎక్కాలి, బాల్కనీ గది తీసుకోవాలా, కిటికీ లేని గదితో సరిపెట్టుకోవాలా అన్నవన్నీ జనం వాళ్లంతట వాళ్లే తేల్చుకుంటారు. తీరా ప్రయాణం వారంలోకి వచ్చాక మాత్రం నాకు మెసేజ్ వస్తుంది, "లగేజీ ఎంత పట్టుకెళ్లమంటారు?" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇక్కడే రాసేస్తున్నాను. ఎక్కువమంది వెళ్లేది వారం రోజుల క్రూయిజ్‌కే కాబట్టి లెక్కంతా ఏడు రాత్రులకే.

ముందున్న దారులు మూడు. మనిషికో పెద్ద సూట్‌కేస్, అంటే విమానంలో చెక్-ఇన్ చేసేది, నిండితే 23 కిలోల దాకా తూగేది. లేదా మధ్యరకం సూట్‌కేస్, పన్నెండు పదిహేను కిలోల్లో అయిపోయేది. లేదా విమానంలో సీటు పైన అరలో పట్టే చిన్న చక్రాల బ్యాగు, దానికి తోడు భుజాన ఓ సంచీ. నా మొగ్గు మూడో దాని వైపే అని ముందే చెప్పేస్తున్నా. మిగతా రెండిటికీ అన్యాయం చేయకుండానే రాస్తాను, చేతనైనంత వరకూ.

పెద్ద సూట్‌కేస్ వాళ్ల వాదన తీసిపారేసేది కాదు. బస్సుల్లో, రైళ్లలో ఊళ్లు తిరిగే యాత్ర అయితే రోజుకోచోట పెట్టె విప్పడం, మళ్లీ కట్టడం. ఓడలో ఆ బాధ లేదు. మొదటి రోజు బట్టలు బీరువాలో పెట్టేస్తే మళ్లీ చివరి రాత్రే తీయడం, రేవులు మారుతుంటాయి కానీ గది మారదు. ఓడరేవు టెర్మినల్ దగ్గర కారు దిగగానే పోర్టర్ పెట్టె అందుకుంటాడు, అది నేరుగా గది తలుపు ముందుకు వచ్చేస్తుంది. విమానాల వాళ్లలా తూకం వేసి కిలోకింత అని గుంజడం క్రూయిజుల్లో మామూలుగా ఉండదు. అలాంటప్పుడు "ఉండనీలే, ఎందుకైనా మంచిది" అని ఇంకో నాలుగు జతలు పడేసుకుంటే పోయేదేముంది అంటారు. రేవు దాకా సొంత కారులో వెళ్లేవాళ్లతో నేనూ ఈ విషయంలో పెద్దగా వాదించను. ఆవిరి ఓడల కాలంలోనైతే జనం ట్రంకు పెట్టెలే వేసుకెళ్లేవాళ్లు, దారిలో అవసరం లేనివాటికి వేరే చీటీ అంటిస్తే అవి ఓడ అడుగున గిడ్డంగిలోకి వెళ్లిపోయేవి. ఇప్పటి క్రూయిజుల్లో మామూలుగా ఆ ఏర్పాటు లేదు, తెచ్చిందంతా మన గదిలోనే ఇమడాలి.

ఆ గది ఎంతుంటుందంటే, లోపలి గదులు చాలా ఓడల్లో 150 నుంచి 185 చదరపు అడుగులు, బాత్రూమ్‌తో కలిపి. ఖాళీ చేసిన సూట్‌కేస్‌ని మంచం కిందికి తోసేయొచ్చు, అందుకు తగ్గట్టే మంచాలు కాస్త ఎత్తుగా ఉంటాయి. తంటా అంతా దాన్ని తెరిచేటప్పుడే. రెండు సగాలుగా తెరుచుకునే గట్టి పెట్టెకి నేల మీద చోటు దొరకదు, మంచం మీద పరవాలి, ఒకరు సర్దుకుంటుంటే రెండోవాళ్లు కారిడార్‌లోనో బాత్రూమ్‌లోనో నిలబడాలి. పైన మూత మాత్రమే తెరుచుకునే మెత్తటి పెట్టె అయితే కొంత నయం. అయినా ఇదంతా ఒక పూట ఇబ్బంది, దీన్ని చూసి నిర్ణయం మార్చుకోమని నేను అనను.

ఓడ మీద ఉన్నన్నాళ్లూ పెట్టె బరువు ఎవరికీ పట్టదు, అది ఓడ మోస్తుంది. మనకు తగిలే బరువంతా రెండు కొసల్లోనే, ఎక్కే రోజూ దిగే రోజూ. నా దృష్టిలో ఏది మేలో తేల్చేది ఆ రెండు రోజులే.

ఎక్కే రోజు సంగతి ముందు. పోర్టర్‌కి ఇచ్చిన పెట్టె సాయంత్రానికి గాని గదికి చేరదు, ఒక్కోసారి ఓడ కదిలాక, భోజనాల వేళ దాటాక కూడా వస్తుంది. ఈలోపు దాన్ని స్కాన్ చేస్తారు. ఇస్త్రీ పెట్టె, కెటిల్, కొవ్వొత్తి, సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు ఒక్కసారిగా ఎగిస్తే అడ్డుకునేది) ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాంటివి కనిపిస్తే పెట్టె అక్కడే ఆగిపోతుంది, మనం వెళ్లి తెరిచి చూపించి, ఆ వస్తువు వాళ్లకి అప్పగించి తెచ్చుకోవాలి. కాబట్టి పాస్‌పోర్టు, మందులు, ఛార్జర్లు, ఈత బట్టలు, ఒక జత మామూలు బట్టలు వేరే సంచీలో చేతిలోనే ఉండాలి. పాస్‌పోర్టు పెద్ద పెట్టెలో పెట్టి పోర్టర్‌కి ఇచ్చేసి, చెక్-ఇన్ కౌంటర్ దగ్గర తెల్లమొహం వేసుకుని నిలబడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అంటే పెద్ద పెట్టె తెచ్చినా చిన్న సంచీ తప్పదు.

విమానంలో వెళ్లి ఓడ ఎక్కేవాళ్లకి ఇంకో టెన్షన్. హోటల్లో దిగాక పెట్టె రాకపోతే మర్నాడు తెప్పించుకోవచ్చు, మనం ఎక్కడికీ పోం. ఓడ అలా కాదు, చెప్పిన టైముకి వెళ్లిపోతుంది. విమానం వాళ్లు పోగొట్టిన పెట్టె మనల్ని తరుముకుంటూ తర్వాతి రేవుకో, ఆ తర్వాతి రేవుకో రావాలి, అందులో రెండు రోజులు సముద్రం మీదే గడిస్తే అన్నాళ్లూ కట్టుబట్టలే గతి. చెక్-ఇన్ లగేజీ తప్పనిసరైతే ఒకరోజు ముందే రేవు ఊరికి చేరిపోండి. ఇద్దరు వెళ్తుంటే ఇద్దరి బట్టలూ రెండు పెట్టెల్లోనూ కలిపి సర్దండి, ఒకటి రాకపోయినా ఇద్దరికీ గడుస్తుంది.

చేతి బ్యాగుతో ఎక్కేవాళ్లకి ఉన్న లోటు కూడా చెప్పాలి. పన్నెండింటికి ఓడ ఎక్కినా గదులు చాలాసార్లు ఒంటిగంట దాటాకే తెరుస్తారు. అందాకా ఆ బ్యాగు ఈడ్చుకుంటూ బఫే దగ్గర ప్లేటు పట్టుకోవడం ఏమంత బాగుండదు.

ఇక దిగే రోజు. నిజానికి అది ముందు రాత్రే మొదలవుతుంది. గదిలోకి రంగురంగుల ట్యాగులు వస్తాయి, వాటి మీద నంబర్లుంటాయి. రాత్రి పదికో పదకొండుకో పెట్టె కట్టి, ట్యాగు తగిలించి తలుపు బయట పెట్టేయాలి. అంటే సెలవులో చివరి సాయంత్రం, సూర్యాస్తమయం చూడాల్సిన వేళ, మీరు గదిలో పెట్టె మీద మోకాలు ఆనించి జిప్పు లాగుతుంటారు. షో చూసి తిరిగొచ్చేసరికి కారిడార్ పొడవునా పెట్టెలే, ఎదురుగా ఎవరైనా వస్తే గోడకి అతుక్కోవాలి. అప్పుడు మొదలవుతాయి గొడవలు. రాత్రికి కట్టుకునేవి, పొద్దున వేసుకునేవి, బ్రష్షు, మందులు, చెప్పులు బయట ఉంచామా లేదా? పెట్టె వెళ్లిపోయాక చూసుకుంటే ప్యాంటు లేదు. పొద్దున్నే పైజమాతో దిగేవాళ్లని చూసి జనం నవ్వుకుంటారు గానీ, పాపం వాళ్ల తప్పేమీ లేదు, నిద్ర కళ్లతో సర్దితే ఎవరికైనా జరిగేదే.

పొద్దున ట్యాగు నంబరు పిలిచేదాకా ఎక్కడో ఒకచోట కూర్చోవాలి. పిలిచాక టెర్మినల్ హాల్లోకి వెళ్తే వందల పెట్టెలు వరసగా, సగం నల్లవే. మీదేదో వెతుక్కుని, దాన్ని లాక్కుంటూ ఇమిగ్రేషన్, కస్టమ్స్ లైనులో నిలబడాలి.

చేతి బ్యాగు వాళ్లకి ఇదేమీ ఉండదు. సెల్ఫ్ అసిస్ట్ అనో, వాక్ ఆఫ్ అనో చాలా కంపెనీలు ఒక పద్ధతి పెట్టాయి. బ్యాగు రాత్రంతా గదిలోనే ఉంటుంది, పొద్దున ఓడకి క్లియరెన్స్ రాగానే మొదటి గుంపుల్లోనే మీరు దిగిపోతారు. మీ సామానంతా మీరే, ఒక్క విడతలో, ఎవరి సాయం లేకుండా మోసుకోవాలి, షరతు అదొక్కటే. షరతు వినడానికి చిన్నదే గానీ ఆ పూట లిఫ్టుల దగ్గర తిరునాళ్లలా ఉంటుంది, మెట్లు దిగాల్సి వస్తుంది, గ్యాంగ్‌వే, అంటే ఓడ నుంచి రేవులోకి దిగే వంతెన కూడా నీటిమట్టాన్ని బట్టి ఒక్కోచోట నిటారుగా ఉంటుంది. అందుకే సర్దడం అయ్యాక ఆ బ్యాగు పట్టుకుని రెండు అంతస్తుల మెట్లు ఎక్కి దిగి చూడండి. ఎక్కడా ఆగకుండా దిగగలిగితే అది చేతి బ్యాగు. మధ్యలో చేయి మార్చుకోవాల్సి వస్తే ఇంకో రెండు జతలు తీసేయండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, చంటిపిల్లలున్నవాళ్లు ఈ పద్ధతి జోలికి పోకుండా ట్యాగు కట్టి పంపేయడమే సుఖం. ఆ రోజు విమానం ఏమీ లేనివాళ్లకి నిదానంగా కాఫీ తాగుతూ నంబరు కోసం ఎదురుచూడటం కూడా బాగానే ఉంటుంది, కాదనను.

ఏడు రాత్రులకి ఏడు కిలోలు ఎలా సరిపోతాయి అని వెంటనే అడుగుతారు. చాలా విమానాల్లో చేతి బ్యాగు హద్దు ఏడో, పదో కిలోలు, అందులో ఖాళీ బ్యాగే రెండు కిలోలకు పైగా తింటుంది. మిగిలిన ఐదు కిలోల్లో వారం గడవాలంటే మధ్యలో ఒకసారి బట్టలు ఉతకాలి, వేరే మార్గం లేదు. కాబట్టి ఓడ ఎంచుకునేటప్పుడే ఉతికే వసతి చూసుకోండి. ప్రిన్సెస్, డిస్నీ కంపెనీల ఓడల్లో, కార్నివాల్ ఓడల్లో చాలావాటిలో మనమే వేసుకునే వాషింగ్ మెషీన్లుంటాయి. వైకింగ్ సముద్రపు ఓడల్లో అవి ఉచితం కూడా. రాయల్ కరీబియన్‌లో అలాంటి గది లేదు, బట్టలు వాళ్లకిచ్చి ఉతికించుకోవాలి. మెషీన్ ఉన్న ఓడలో సముద్రం మీద గడిపే రోజున మాత్రం ఆ గది వైపు వెళ్లకండి, డ్రయర్ కోసం క్యూ కడతారు. రేవులో ఆగిన రోజు, జనమంతా ఊళ్లోకి దిగాక వెళితే గది మీదే. చేత్తో ఉతికేవాళ్లకి చాలా బాత్రూముల్లో లాగి కట్టుకునే దండెం ఉంటుంది. పల్చటి సింథటిక్ చొక్కాని తువ్వాల్లో చుట్టి గట్టిగా పిండి ఆరేస్తే పొద్దుటికి ఆరిపోతుంది, జీన్స్ అయితే రెండో రోజుకీ తడితడిగానే ఉంటుంది. అందుకే జీన్స్ ఒక్కటే, అదీ ఒంటి మీద.

బరువంతా చెప్పులూ బూట్లే. మూడో జత బూట్లు పెట్టామంటే చేతి బ్యాగు కథ అయిపోయినట్టే. నడిచే బూట్లు కాళ్లకి, తేలికైన చెప్పులు బ్యాగులో, అంతే. తువ్వాళ్లు, ఈత కొలను దగ్గర వాడేవి కూడా, ఓడ వాళ్లే ఇస్తారు, హెయిర్ డ్రయర్ గదిలో ఉంటుంది. ఓ పల్చటి స్వెటర్ మాత్రం తప్పకుండా పెట్టుకోండి, బయట ఎంత ఎండ కాసినా థియేటర్లో ఏసీ వణికిస్తుంది. గోడలు చాలా ఓడల్లో ఇనుపవే కాబట్టి నాలుగు అయస్కాంతపు కొక్కేలు తెచ్చుకుంటే టోపీలు, తడి బట్టలు తగిలించుకోవచ్చు. కరీబియన్ దీవులకి వెళ్లేవాళ్లు మిలిటరీ వాళ్ల మచ్చల (కామోఫ్లాజ్) బట్టలు అసలు పెట్టుకోవద్దు. బార్బడోస్, జమైకా లాంటి దేశాల్లో మామూలు జనం వాటిని వేసుకోవడం చట్టవిరుద్ధం, పిల్లల నిక్కరైనా సరే.

మధ్యరకం సూట్‌కేస్ నెగ్గే చోట్లు ఉన్నాయి. కునార్డ్ ఓడల్లో గాలా రాత్రులుంటాయి, ఆ సాయంత్రాలు ఓడలో ఎక్కువ చోట్ల మగవాళ్లు సూటో టక్సీడోనో వేసుకోవాలి. సూటూ, దానికి తగ్గ బూట్లూ చేతి బ్యాగులో పట్టించి, మళ్లీ నలగకుండా తీయడం నావల్ల అయ్యే పని కాదు, పైగా ఇస్త్రీ పెట్టె తెచ్చుకోనివ్వరు. అదే నార్వీజియన్ కంపెనీ ఓడల్లో ఫార్మల్ నైట్ అనే బలవంతమే లేదు. అలాస్కా వెళ్లేవాళ్లకీ మధ్యరకమే హాయి, ఒకే రోజు వాన, చలి, ఎండ మూడూ చూడాల్సి వస్తుంది. అయినా చేతి బ్యాగే కావాలంటే లావుపాటి కోటు విమానంలోనే తొడుక్కుని వెళ్లాలి. డైపర్ల వయసు పిల్లలుంటే ఆలోచించకుండా మధ్యరకానికి వెళ్లండి, సముద్రం మధ్యలో డైపర్లు అయిపోతే ఓడ షాపులో దొరికినవే దిక్కు. పద్నాలుగు రాత్రులకి వెళ్తున్నామని పెట్టె సైజు పెంచనక్కర్లేదు, ఇంకోసారి ఉతుక్కుంటే చాలు.

ఇద్దరికీ కలిపి ఒక పెద్ద పెట్టె అనేది నాలుగో దారి. అందులో ఏమీ కలిసిరాదు, మోసేది ఒకరు, వెతుక్కునేది ఇద్దరు. లగేజీని ముందుగానే కొరియర్‌లో ఓడకి పంపే సేవలు కొన్నిచోట్ల ఉన్నాయి, డబ్బుకి లోటు లేకపోతే చూడండి. అంటార్కిటికా లాంటి ఎక్స్‌పెడిషన్ యాత్రల లెక్క వేరు, చాలా కంపెనీలు కోటు ఇస్తాయి, బూట్లు వాడుకోనిస్తాయి, వాళ్లిచ్చే జాబితా చూసే సర్దుకోవాలి.

ఇంత చెప్పినా పెద్దదే కొంటానంటే, షాపులో ముందు ఖాళీ పెట్టె తూచి చూడండి. గట్టి రకాల్లో కొన్ని ఏమీ పెట్టకుండానే నాలుగైదు కిలోలుంటాయి, అంటే విమానం వాళ్లిచ్చే 23లో ఐదో వంతు అక్కడే పోయింది.