పెట్రోల్ పికప్‌కు మైలేజీ: కాలు అదుపా, గ్యాసు కిట్టా, డీజిల్ బండా – ఏది మేలు?

పలాస జీడిపప్పు డబ్బాలనూ, ఉద్దానం కొబ్బరికాయలనూ విజయనగరానికి చేరవేసే చిన్న పెట్రోల్ పికప్ ఒకటి మా కుటుంబానికి ఉంది. మోసేది ముప్పావు టన్నుకు కొంచెం తక్కువ, దూరం ఒక వైపు దాదాపు 140 కిలోమీటర్లు, నెలకు పది ట్రిప్పులు. గత వేసవిలో ఒక సాయంత్రం డ్రైవరు తాళాలు చేతికిస్తూ, "బాబూ, ఇది నీళ్లు తాగినట్టు తాగెస్తంది" అన్నాడు. అప్పటి నుంచి ఈ విషయం నన్ను వదలలేదు. అడిగిన ప్రతివారూ ఒక్కో దారి చూపించారు. సీఎన్‌జీ గ్యాసు కిట్ పెట్టించమని ఒకరు, బండి అమ్మేసి డీజిల్ పికప్ కొనమని మరొకరు, ట్యాంకులో ఏదో సీసా పోయమని ఇంకొకరు సలహా ఇచ్చారు. వేగం తగ్గించమని మాత్రం ఎవరూ చెప్పలేదు, బహుశా దాన్ని అమ్మే దుకాణం లేదు కాబట్టి.

దేనినైనా పోల్చే ముందు కొలత సరిగా ఉండాలి. మీటరు బోర్డు మీద కనిపించే సగటును నమ్మకుండా, ఒకే బంకులో, బండి ఒకే వైపు నిలిపి, గన్ మొదటిసారి ఆగిన చోటికే ఫుల్ ట్యాంక్ చేయించి, మళ్లీ ఫుల్ ట్యాంక్ చేసేదాకా నడిచిన దూరాన్ని పోసిన లీటర్లతో భాగించాలి. ఇలా మూడు నాలుగు ట్యాంకులు చూస్తే తప్ప ఆ అంకెకు విలువ లేదు. అయిదారేళ్ల కిందటి మైలేజీతో పోల్చి బాధపడటం కూడా సరికాదు. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదానిలో సుమారు మూడింట రెండు వంతులే కనుక, ఈ మిశ్రమంలో లీటరుకు ఆరేడు శాతం శక్తి తక్కువగా ఉంటుంది. ఆ మేరకు తగ్గినది ఇంజను తప్పు కాదు, డ్రైవరు తప్పు అంతకంటే కాదు.

లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని అడగడం మనకు అలవాటే గాని, వెయ్యి కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని అడిగితే డబ్బు లెక్క తేటపడుతుంది. టెక్సాస్‌లో ఉన్న మా మేనల్లుడికి ఫోర్డ్ ఎఫ్-250 పికప్ ఉంది. 7.3 లీటర్ల వీ-8 పెట్రోల్ ఇంజను, ఖాళీ బండి బరువే మూడు టన్నుల దరిదాపుల్లో ఉంటుంది. అమెరికాలో లోడుతో కలిపి అనుమతించిన బరువు 8,500 పౌండ్లు, అంటే దాదాపు 3,850 కిలోలు దాటిన పికప్‌లకు మైలేజీ స్టిక్కరు అతికించాలన్న నియమం లేదు. కొనేవాడు తన లెక్క తానే వేసుకోవాలి. లీటరుకు ఆరు కిలోమీటర్లు ఇచ్చే అతని బండి ఏడు ఇస్తే వెయ్యి కిలోమీటర్లకు 24 లీటర్లు మిగులుతాయి. 14 ఇచ్చే మా బండి 15 ఇస్తే మిగిలేది అయిదు లీటర్లు కూడా కాదు. పెరిగినది రెండు చోట్లా ఒక్క కిలోమీటరే. అతను ఎత్తు పెంచి వేయించుకున్న పెద్ద టైర్లను తీసేసి కంపెనీ కొలతకు తిరిగి రావడం, ట్రెయిలర్ లాగే అవసరం లేనివాడు 4.30 యాక్సిల్ నిష్పత్తికి (చక్రం ఒక్క చుట్టు తిరగడానికి దాన్ని తిప్పే ఇరుసు ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే అంకె) బదులు 3.73 ఎంచుకోవడం అక్కడ లాభసాటి మార్పులు. మన చిన్న బండికి అవేవీ ఉండవు. అక్కడికీ ఇక్కడికీ సమానంగా వర్తించేది వేగం.

గాలి అడ్డగింపు వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి, గంటకు 80 కిలోమీటర్ల నుంచి 60కి దిగిన బండి మీద గాలి వేసే బలం నూటికి 44 వంతులు తగ్గుతుంది. ముందు నిటారుగా, వెనుక పెట్టెలా ఉండే పికప్‌కు కారు కంటే ఈ లాభం ఎక్కువగా అందుతుంది. మా బండిలో రణస్థలం దాటాక సముద్రపు గాలి తగిలి, వదులుగా కట్టిన టార్పాలిన్ తెరచాపలా ఉబ్బి, తాడు కొట్టుకునే చప్పుడు క్యాబిన్‌లోకి వినిపించేది. ఆ ఉబ్బెత్తు పట్టను లాగుకుంటూ పోవడానికి ఇంజను ఎంత పెట్రోలు కాల్చి ఉంటుందో ఎవరూ కొలవలేదు. పట్టను క్యాబిన్ ఎత్తుకు మించకుండా దించి, మూలలు నాలుగూ మడిచి బిగించాక ఆ చప్పుడు పోయింది.

వేగంలో ఒక చిక్కు ఉంది, దానిని దాటవేస్తే ఈ పోలిక అబద్ధమవుతుంది. లెక్క కోసం లీటరు పెట్రోలు 110 రూపాయలు అనుకుందాం. 80లో పోతే 14, 60లో పోతే 16 వచ్చిందనుకుంటే, 140 కిలోమీటర్లకు పది లీటర్లకు బదులు ఎనిమిదిముప్పావు లీటర్లు ఖర్చవుతాయి. మిగిలేది దాదాపు 137 రూపాయలు, అదనంగా పట్టేది 35 నిమిషాలు. అంటే ఆ నిదానానికి గంటకు 235 రూపాయల ధర పలుకుతోంది. ఆ డబ్బు యజమాని జేబులోకి వస్తుంది, ఆ గంట డ్రైవరు నిద్రలోంచి పోతుంది. అందుకే "నెమ్మదిగా నడపరా" అనే మాట మన జిల్లాల్లో వందసార్లు చెప్పినా చెల్లదు. మిగిలిన పెట్రోలులో సగం డబ్బును బత్తాతో పాటు డ్రైవరుకు ఇస్తానని నేను ఒప్పుకున్న వారం నుంచే సూది 60 దగ్గర నిలవడం మొదలైంది. వేగం కోసం నేను మార్చినది ఇది ఒక్కటే, అదీ బండిలో లేదు.

కాలి అదుపులో వేగం ఒక పాలు మాత్రమే. మడపాం టోల్ గేటు దగ్గర వరుస కదలగానే యాక్సిలరేటర్ తొక్కి, పది గజాలకు మళ్లీ బ్రేకు వేయడం, ముందున్న లారీ తోకకు అంటుకుని పోవడం, చిన్న గేరులో ఇంజనును అరిపించడం, దుకాణం ముందు దించేంతసేపూ ఇంజను ఆపకపోవడం వంటివన్నీ కలిస్తే వేగం తగ్గించి మిగిల్చుకున్నది తిరిగి పోతుంది. సాలూరు అవతలి సుంకి ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలితే పెట్రోలు మిగులుతుందని నమ్మేవారు ఇంకా ఉన్నారు. కార్బురేటర్ కాలంలో అందులో కొంత నిజం ఉండేదేమో గాని, ఇప్పటి ఇంజెక్షన్ ఇంజనులో గేరు వేసి యాక్సిలరేటర్ వదిలితే ఇంధనం పూర్తిగా ఆగిపోతుంది, న్యూట్రల్‌లో మాత్రం ఇంజను ఆగకుండా ఉండటానికి కాస్త కాలుతూనే ఉంటుంది. పైగా లోడు బండి భారమంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. ఇది పొదుపు కాదు, ప్రాణంతో పందెం.

టైర్ల సంగతి చిన్నదే అయినా చవకైనది. తెల్లవారుజామున టైరు చల్లగా ఉండగా నేనే కొన్న గేజి పెట్టి చూస్తే, తలుపు పక్కన అతికించిన చీటీలో చెప్పిన ఒత్తిడి కంటే వెనుక ఎడమ టైరులో తొమ్మిది పాయింట్లు తక్కువగా ఉన్నాయి. నాలుగు టైర్లలోనూ సగటున ఒక్కో పాయింటు తగ్గినప్పుడల్లా మైలేజీ సుమారు 0.2 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. అంకె చిన్నదే గాని, అరిగిపోయే టైరు ధర కూడా కలిపితే నెలకు రెండుసార్లు గాలి చూసుకోవడం కంటే మంచి బేరం లేదు. లోడుకు ఒక ఒత్తిడి, ఖాళీకి ఒక ఒత్తిడి ఉంటాయన్నది మరవకూడదు.

జబ్బు పడిన ఇంజనుకు పొదుపు పాఠాలు చెప్పి లాభం లేదు. మా బండిలో ఇంజను గుర్తున్న నారింజ దీపం వెలిగితే, ఒక షెడ్డులో మెకానిక్ దాని మీద నల్ల టేపు ముక్క అతికించి "ఇప్పుడు సరిపోయింది" అని పంపించాడు. రెండు నెలల తర్వాత వేరే చోట స్పార్క్ ప్లగ్ విప్పితే దీపపు మసిలా పొడి నలుపు వేళ్లకు అంటింది. పొగగొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సరు పాడై, ఇంజను కావలసినదాని కంటే ఎక్కువ పెట్రోలు పోసుకుంటోంది. ఇటువంటి తీవ్రమైన లోపాన్ని సరిచేస్తే మైలేజీ 40 శాతం దాకా మెరుగుపడవచ్చని అదే శాఖ చెబుతుంది. ఎయిర్ ఫిల్టర్ మార్చితే మైలేజీ పెరుగుతుందన్న మాట ఇంజెక్షన్ బండ్లకు అంతగా వర్తించదు. మురికి ఫిల్టర్ వల్ల వాటి ఊపు తగ్గుతుంది గాని, గాలికి తగ్గట్టు పెట్రోలును కంప్యూటరే సరిచేసుకుంటుంది.

సీసా మందులూ, పెట్రోలు గొట్టానికి తగిలించే అయస్కాంతాలూ ఒక్క మాటతో పోయేవి. అమెరికా పర్యావరణ సంస్థ ఇటువంటివి వందకు పైగా పరిశీలించి, మైలేజీని చెప్పుకోదగినంతగా పెంచేది ఒక్కటీ కనబడలేదని తేల్చింది. ఎక్కువ ఆక్టేన్ ఉన్న ఖరీదైన పెట్రోలు కూడా, ఇంజనుకు దాని అవసరం ఉంటే తప్ప, డబ్బు దండగే. ఆక్టేన్ అంటే ఇంజను కొట్టుకోకుండా తట్టుకునే గుణమే గాని అదనపు శక్తి కాదు.

సీఎన్‌జీకి మాత్రం నిజమైన బలం ఉంది. కిలో గ్యాసులో సుమారు లీటరున్నర పెట్రోలు శక్తి ఉంటుంది. పెట్రోలు మీద 14 ఇచ్చే బండి కిలోకు 20 దాకా ఇస్తే, గ్యాసు కిలో 90 రూపాయలు అనుకున్నప్పుడు కిలోమీటరుకు నాలుగున్నర రూపాయలు పడుతుంది. పెట్రోలు మీద ఇది 7 రూపాయల 86 పైసలు. కిట్‌కు 60,000 అవుతుందనుకుంటే దాదాపు 18,000 కిలోమీటర్లకు పెట్టుబడి తిరిగి వస్తుంది, అంటే మా పది ట్రిప్పుల లెక్కన ఆరున్నర నెలలు. అయితే ముందు కాలు అదుపు చేసుకుని మైలేజీని 16కు తెచ్చుకున్నవాడికి, గ్యాసు మైలేజీ కూడా అదే పాళ్లలో పెరుగుతుంది కనుక, మిగులు కిలోమీటరుకు మూడు రూపాయలకు దిగి, అదే కిట్ 20,000 కిలోమీటర్లు అడుగుతుంది. అందువల్ల ముందు పొదుపు చేసి, ఆ తర్వాతే కిట్ లెక్క వేయాలి. వరుస తిప్పితే కిట్ తన గొప్ప కాని గొప్పను కూడా తన ఖాతాలో వేసుకుంటుంది.

గ్యాసు అడిగే మూల్యం డబ్బులో అంతా కనబడదు. 200 బార్ ఒత్తిడిని తట్టుకునే ఉక్కు సిలిండరు బరువైనది. కంపెనీ నుంచే సీఎన్‌జీతో వచ్చే చిన్న పికప్‌లలో మోసే బరువు పెట్రోలు రకం కంటే సుమారు వంద కిలోలు తగ్గడానికి కారణం అదే. కొబ్బరికాయలకు ఆ వంద కిలోలు కిరాయిలో కోత. గాలి చోటును గ్యాసు ఆక్రమించడం వల్ల ఇంజను బలం కొంత తగ్గి, ఘాట్ ఎక్కేటప్పుడు తెలుస్తుంది. బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) పెట్రోల్ బండికి బయట కిట్ పెట్టించుకోవడానికి 2022లో కేంద్రం అనుమతించింది గాని, ఆమోదం పొందిన కిట్ కావాలి, ఆర్‌సీలో నమోదు కావాలి, ఇన్సూరెన్సు వారికి చెప్పాలి, సిలిండరుకు మూడేళ్లకొకసారి పరీక్ష చేయించాలి. జాతీయ రహదారి వెంట రోజూ తిరిగేవారికి ఇవేవీ అడ్డు కావు. పార్వతీపురం దాటి లోపలికి వెళ్లేవారు మాత్రం తమ దారిలో గ్యాసు బంకు ఎక్కడుందో ముందు చూసుకోవాలి.

డీజిల్ వైపు మొగ్గేవారికి నా మాట రుచించకపోవచ్చు. టన్నున్నర మోసే డీజిల్ పికప్ లీటరుకు 12 ఇస్తుందనీ, లీటరు 97 అనీ అనుకుంటే, నిండు లోడుతో టన్నును కిలోమీటరు మోయడానికి అయిదు రూపాయల నలభై పైసలు అవుతుంది. మా పెట్రోల్ బండికి ఇది పదిన్నర. చూడగానే పోటీ ముగిసిందనిపిస్తుంది. కాని ఆ పెద్ద బండిలో ముప్పావు టన్నే వేస్తే డీజిల్ ఖర్చు పది రూపాయల ఎనభై పైసలకు ఎక్కి, మన చిన్న బండి కంటే వెనకబడుతుంది. బీఎస్-6 డీజిల్‌లో పొగ శుద్ధి చేసే పరికరాల ఖర్చు దానికి అదనం. కనుక జనుము బేళ్లో, సిమెంటో, రెండు వైపులా లోడు దొరికే సరుకో ఉన్నవారికి డీజిల్ మేలు. ఒక వైపు కాయలతో వెళ్లి ఖాళీగా తిరిగి వచ్చే మాబోటివారికి కాదు. ఇచ్ఛాపురం అవతల ఒడిశా బంకుల్లో ధర తక్కువని దాని కోసమే వెళ్లివచ్చేవారూ ఉన్నారు. బరంపురం కిరాయి తగిలిన రోజున నింపుకోవడం తెలివే గాని, నింపుకోవడానికే వెళ్లడం కాదు.

నా వరకు నేను తేల్చుకున్నది ఇది. ఈ బండికి బయట కిట్ పెట్టించను, మోసే వంద కిలోలు వదులుకోను. సెన్సరు, టైర్లు, పట్ట, 60 వేగం, డ్రైవరు వాటా, వీటితోనే నడిపిస్తాను. బండి మార్చే రోజు వచ్చి, ట్రిప్పులు ఇప్పటిలాగే రహదారి మీదే ఉంటే, కంపెనీ అమర్చిన సీఎన్‌జీ బండి తీసుకుంటాను. వాటా సంగతి డ్రైవరు మరచిపోలేదు. ప్రతి శనివారం నోటుపుస్తకం తనే తెచ్చి, లీటర్లు తనే కూడి, తన సగం కింద గీత గీసి నా ముందు పెడుతున్నాడు.