కటక్ మిత్రుడితో కొండవీడు

చిన్నప్పటి నుంచీ కొండవీడు నాకు కృష్ణదేవరాయలు గెలిచిన కోట. మొన్న కార్తీకంలో కటక్ నుంచి వచ్చిన మిత్రుడికి మాత్రం అది వాళ్ల ఒడిశా గజపతి రాజుల రాకుమారుడు పట్టుబడిన కోట. విజయవాడ రైల్వేలో చాలాకాలం పనిచేసి వెళ్లినవాడు, తెలుగు బాగానే మాట్లాడతాడు.

గుంటూరు బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాం. గది 1,400. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి కానీ, ఐదింటికి అడిగిన వేడినీళ్లు ఆరున్నరకి వచ్చాయి. ఎండెక్కకముందే కొండమీద ఉండాలనుకునేవాళ్లకి ఆ గంటన్నర పెద్ద నష్టం. కారు మాట్లాడుకోవడమే మేలు, ఘాట్ రోడ్డు పైదాకా ఉంది. మేం వెళ్లినరోజు పైన టీ కూడా దొరకలేదు. పులిహోర, నీళ్లు వెంట తీసుకెళ్లండి.

పైన చెరువు గట్టున కూర్చుని పొట్లం విప్పాక నేను 1515 జూన్‌లో కోట ఎలా లొంగిందో మొదలుపెట్టాను.

"నువ్వు 1515 దగ్గర మొదలెడతావు అన్నయ్యా, మేం 1454 దగ్గర మొదలెడతాం" అన్నాడు. కపిలేంద్ర గజపతి ఈ కోట పట్టిన ఏడాది అది. తర్వాత పురుషోత్తమ గజపతి కంచి దండయాత్ర కథ ఎత్తుకున్నాడు. పూరీ రథయాత్రలో రథం ముందు ఊడ్చేవాడికి పిల్లనివ్వనన్నాడట కంచి రాజు. జగన్నాథుడూ బలభద్రుడూ నల్ల, తెల్ల గుర్రాల మీద యుద్ధానికి బయల్దేరి, దారిలో మాణిక అనే గొల్లపడుచు దగ్గర పెరుగు తాగి ఉంగరం ఇచ్చారట. చెబుతున్నంతసేపూ పులిహోర చేతిలోనే ఎండిపోయింది. ఒడిశాలో పిల్లలకి ఇది ఇంట్లో చెప్పే కథ. మన ఇళ్లలో ఎవరూ చెప్పలేదు.

వాళ్లు కంచి రాకుమారిని తెచ్చుకున్నామంటారు, మనం గజపతి కూతుర్ని రాయలకిచ్చి పెళ్లి చేశారంటాం. ఉదయగిరి నుంచి బాలకృష్ణుణ్ణి హంపికి తెచ్చారని మనం, సాక్షిగోపాలుణ్ణి విద్యానగరం నుంచి తెచ్చుకున్నామని వాళ్లు.

పట్టుబడ్డ రాకుమారుడు వీరభద్రుడు ఏమయ్యాడన్నది నన్ను ఎక్కువ కలచివేసింది. అవమానం భరించలేక ప్రాణం తీసుకున్నాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. కర్ణాటకలో దావణగెరె వైపు దొరికిన 1516 శాసనంలో మాత్రం ఆయన రాయల కింద మలెబెన్నూరు సీమ ఏలుతున్నాడు. నేనది చెప్పగానే మావాడు చెయ్యి కడుక్కుంటూ ఆగిపోయాడు. "బతికున్నాడా? ఆ మాట మా ఊళ్లో చెప్పాలి."

మర్నాడు కొండపల్లి వెళ్లాం. విజయవాడకి దగ్గర, పిల్లలతో వచ్చేవాళ్లకి అదే సుఖం. రాయలు దాన్నీ ఆ దండయాత్రలోనే పట్టాడు. కానీ ఒక్క కోటకే సమయం ఉంటే నేను కొండవీడే చూడమంటాను. అక్కడ కూర్చుని మాట్లాడుకోవడానికి నిశ్శబ్దం ఉంది.

కొండపల్లిలో బొమ్మల వీధి వదిలిపెట్టకండి. మావాడు తెల్లపొనికి చెక్కతో చేసిన అంబారీ ఏనుగు కొన్నాడు, 450కి. దాని తొండం విరక్కుండా కొట్టు ఆవిడ పాత పేపరు మూడు చుట్లు చుట్టి ఇచ్చింది. రైలెక్కేదాకా దాన్ని ఒళ్లోనే పెట్టుకున్నాడు.