ఉద్దానం తోటలో రెండు రాత్రులు

పెళ్ళై 16 ఏళ్ళయ్యాక జంటగా కాటేజీ సరదా ఏమిటే అని మా అత్తగారు నవ్వారు గానీ, పిల్లలిద్దరినీ తన దగ్గరే ఉంచుకుని మమ్మల్ని సాగనంపారు. ఫిబ్రవరి ఆఖర్లో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వెళ్ళాం, సోంపేట అవతల ఒక కొబ్బరితోటకి. రైల్లో వెళ్ళేవాళ్ళకి ఒక మాట: సోంపేట స్టేషను సోంపేటలో ఉండదు, కంచిలిలో ఉంటుంది. ఆటో బేరం అక్కడే తేల్చుకోండి.

పెంకుటిల్లు, ముందు అరుగు. భోజనాలతో కలిపి రాత్రికి 3,000. 'జంటల ప్యాకేజీ' అని ఇంకో 1,500 అడిగితే మావారు మొహమాటపడి ఇచ్చేశారు. ఆ డబ్బుకి మంచం మీద గులాబీ రేకులు, తువ్వాళ్ళు మడిచి చేసిన రెండు హంసలు, క్రీము కారిపోయిన ఒక కేకు వచ్చాయి. కేకుకి చీమలు ముందే పట్టాయి. ఆ 1,500 పెట్టి మందస కోవా కొనుక్కుంటే ఊరంతటికీ పంచొచ్చు.

గది శుభ్రంగానే ఉంది. కానీ రెండు మంచాలు దగ్గరికి జరిపి ఒకే దుప్పటి పరిచారు. నడుమ సందు! జంటల గది అని చెప్పుకునేవాళ్ళు చూసుకోవాల్సింది ముందు అదే కదా? పైకప్పులేని స్నానాలగది ఫొటోలో బాగుంది. చీకటి పడ్డాక మాత్రం దోమలకే విందు.

వంటకి వంక పెట్టలేను. తోట చూసుకునే ఆవిడ పనసపొట్టు కూర ఆవ పెట్టి చేసింది, పక్కన పచ్చి జీడిపప్పు కూర. పొద్దున్న మాత్రం బ్రెడ్డూ జామూ తెచ్చింది. చోడి (రాగి) అంబలి లేదా అంటే, "పట్నపోళ్ళు తాగరనుకున్నానమ్మా" అని ఆశ్చర్యపోయింది. ముందే అడగండి.

రెండు కొబ్బరిచెట్ల నడుమ వల ఊయల ఉంది, వాళ్ళ ఫొటోల్లో జంటలన్నీ అందులోనే. మేం ఎక్కామో లేదో ఆవిడ భర్త కేకేశాడు: "దిగిపోండి బాబూ, మట్ట పడిపోద్ది!" మరి కట్టిందెందుకయ్యా అంటే, "ఫొటోకండి." నులకమంచం తెచ్చి పనసచెట్టు కింద వేశాడు. పనస ఎక్కువగా మానుకే కాస్తుంది, నెత్తిన పడే భయం తక్కువ. తోటలో పొడుగు చెట్లు ఒక్క వరసే మిగిలాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మిగతావాటిని పడగొట్టేసిందట, పొట్టివన్నీ తరవాత నాటినవి.

ఆ మంచం మీద మధ్యాహ్నమంతా మా జోలికి ఎవరూ రాలేదు. ఇదివరకు ఒక బీచి రిసార్టులో గంటకోసారి తలుపు కొట్టి "ఏమైనా కావాలా సార్" అని చంపారు. ఇక్కడ ఆవిడ భర్త క్యారేజీ అరుగు మీద పెట్టి, సైకిలు బెల్లు రెండుసార్లు కొట్టి వెళ్ళిపోయేవాడు. మళ్ళీ వెళ్తే ఆ బెల్లు కోసమే వెళ్తాను.

రెండోరోజు తెల్లారకుండా బారువ వెళ్ళాం, మహేంద్రతనయ సముద్రంలో కలిసేచోటికి. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం. ఒక తాబేలు పాకి వెళ్ళిన జాడ ఇసకలో దొరికింది, తాబేలు దొరకలేదు. కెరటం జోరెక్కువ, లోపలికి దిగకండి. పక్షులంటే ఇష్టమైతే టెక్కలి వైపు తేలినీలాపురం కలుపుకోండి, వేసవి ముదరక ముందే వెళ్తే గూడబాతులు కనిపిస్తాయి. మాకు తీరలేదు.

బయల్దేరుతుంటే ఆవిడ అడిగింది, "పిల్లల్ని తేలేదేటమ్మా?" అని. మా జవాబు వినకుండానే వాళ్ళకోసమని ఇంత పనసకాయ తెచ్చి పెట్టింది. విశాఖ దాకా అది మా ఇద్దరి నడుమే కూర్చుని వచ్చింది.