హైబ్రిడోమా యాంటీబాడీ జన్యువులకు 5 ప్రైమ్ రేస్: కొన్నేళ్లు వాడాక

మౌస్ హైబ్రిడోమాల (యాంటీబాడీ చేసే బీ కణాన్ని మైలోమా అనే క్యాన్సర్ కణంతో కలిపి చేసిన కణాలు) నుంచి యాంటీబాడీ జన్యువులు తీయడానికి మా ల్యాబ్‌లో మొదట్లో డీజెనరేట్ ప్రైమర్ల (రకరకాల జన్యువులకు అతికేలా కొన్ని అక్షరాలు మార్చి కలిపిన చిన్న డీఎన్ఏ ముక్కలు) సెట్లే వాడేవాళ్లం. పీసీఆర్ తేలిక, బ్యాండూ నిండుగా వస్తుంది. చిక్కల్లా ప్రైమర్ కూర్చునే చోటుతోనే. వీ జన్యువు (యాంటీబాడీలో టార్గెట్‌ను పట్టుకునే భాగానిది) మొదట్లో ఇరవై చిల్లర అక్షరాలు యాంటీబాడీవి కావు, మనం వేసిన ప్రైమర్‌వి. తీరా ప్రోటీన్ చేశాక బైండింగ్ తగ్గితే కారణం వెతకడానికే వారాలు పోతాయి. 5 ప్రైమ్ రేస్‌కు (ఆర్ఎన్ఏ 5 ప్రైమ్ కొస దాకా కాపీ తీసే పద్ధతి) మారాక మళ్లీ అటు వెళ్లలేదు.

ఇందులో ప్రైమర్ కాన్‌స్టంట్ రీజియన్ (యాంటీబాడీలో పెద్దగా మారని భాగం) మీద కూర్చుంటుంది. ఆర్ఎన్ఏను డీఎన్ఏగా కాపీ చేసే రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ ఎంజైమ్ ఆర్ఎన్ఏ కొసకు చేరాక సొంతంగా కొన్ని ‘సీ’లు తగిలిస్తుంది. చివర మూడు ‘జీ’లున్న టెంప్లేట్ స్విచ్ ఆలిగో (మనం వేసే చిన్న ముక్క) వాటికి అతుక్కుంటుంది. దాంతో అవతలి కొసన కూడా మనకు తెలిసిన సీక్వెన్స్ వచ్చేస్తుంది. వీ జన్యువులో ఎన్ని మ్యుటేషన్లున్నా లీడర్‌తో (వీ జన్యువుకు ముందుండే భాగం) సహా మొత్తం దొరుకుతుంది. కిట్ కొనక్కర్లేదు, ఎంజైమ్, ఆలిగోలు విడిగా తెప్పించుకుంటే చాలు. ఆర్ఎన్ఏ మాత్రం బాగుండాలి. విరిగిపోయిన ఆర్ఎన్ఏతో జెల్ మీద స్మియర్ తప్ప ఏమీ కనపడదు.

హెవీ చైన్ పెద్దగా ఏడిపించదు, ఐసోటైప్ (ఐజీజీ1 లాంటి యాంటీబాడీ రకం) ముందే తెలిస్తే సరి. అసలు తలనొప్పి కప్పా లైట్ చైన్. హైబ్రిడోమా చేయడానికి బీ కణంతో కలిపే ఎస్‌పీ2/0 లాంటి ఫ్యూజన్ కణాలు మోప్క్-21 మైలోమా సంతతి. అందులోని పనికిరాని కప్పా ఆర్ఎన్ఏ హైబ్రిడోమాలోనూ తయారవుతూనే ఉంటుంది. రేస్ దాన్నీ నిక్షేపంగా పెంచి పెడుతుంది. సైజు దాదాపు అదే కాబట్టి జెల్ మీద తేడా తెలియదు. చదివితే వీ, జే అనే జన్యు ముక్కలు కలిసే చోట ఫ్రేమ్ తప్పి స్టాప్ కోడాన్ కనిపిస్తుంది. పీసీఆర్ ముక్కల్ని క్లోన్ చేసి చూస్తే, కొన్ని హైబ్రిడోమాల్లో ఏ బ్యాక్టీరియా కాలనీ తీసినా ఇదే! అందుకే లైట్ చైన్‌కు సీక్వెన్సింగ్‌కు కాలనీలు ఎప్పుడూ ఎక్కువే పంపిస్తాం. ఫ్రేమ్ సరిగ్గా ఉన్న సీక్వెన్స్ రెండు మూడు కాలనీల్లో కనపడనిదే నమ్మం.

ప్రోటీన్ చేయడానికి వాడే వెక్టర్‌లోకి ఎక్కించడానికి గిబ్సన్ అసెంబ్లీ (ఒకే కొసలున్న డీఎన్ఏ ముక్కల్ని ఎంజైమ్‌లతో అతికించడం). కొసల్లో ఇరవై, పాతిక బేస్‌ల ఓవర్‌ల్యాప్ ఉంచి 50 డిగ్రీల దగ్గర ఓ గంట పెడితే అయిపోతుంది. రెస్ట్రిక్షన్ సైట్ (కత్తిరించే ఎంజైమ్ కోసే చోటు) వీ జన్యువు మధ్యలో ఉందేమోనన్న టెన్షన్ లేదు.

ఒక్క క్లోన్ సీక్వెన్స్ అక్షరం పొల్లుపోకుండా కావాలంటే రేస్‌ను మించింది నేను చూడలేదు. ఫేజ్ లైబ్రరీ (ఫేజ్ వైరస్‌ల్లో పెట్టిన బోలెడు యాంటీబాడీల సేకరణ) కట్టేవాళ్లకు మాత్రం పాత ప్రైమర్ సెట్లే నయం.